నసావులో ఒక పగలు, ఒక రాత్రి

సంగీత బృందాల గురించీ సినిమాల గురించీ నేను కలం పట్టడం చూసి పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. చాలా ఏళ్ళుగా మద్రసాలో అరబీ వ్యాకరణం, తఫ్సీర్ బోధిస్తున్నవాణ్ణి. ఆ లోకంతో నాకు పరిచయం లేదు, ఉండాలన్న కోరికా లేదు. కిందటి రంజాన్‌లో మద్రసాకు సెలవులిచ్చినప్పుడు డిగ్రీ చదువుతున్న మా చిన్నబ్బాయి కళాశాలకు సమర్పించవలసిన వ్యాసం ఒకటి తెచ్చి, భాష సరిచూడమన్నాడు. 1965లో బీటిల్స్ అనే ఆంగ్లేయ గాయక బృందం నటించిన ‘హెల్ప్!’ చిత్రం ఎలా తయారైందన్నది అందులోని విషయం. అయిష్టంగానే చేతికి తీసుకున్నాను.

లివర్‌పూల్ నగరానికి చెందిన ఆ నలుగురూ అప్పటికి పాతికేళ్ళు నిండనివారు. దర్శకుడు రిచర్డ్ లెస్టర్. ఫిబ్రవరి 23న బహామా దీవుల్లో చిత్రీకరణ మొదలైంది. మార్చిలో ఆస్ట్రియా మంచుకొండలకు, ఆ తరువాత లండన్ సమీపంలోని ట్వికెన్‌హామ్ స్టూడియోకు, మే నెలలో సాలిస్‌బరీ మైదానానికి తరలివెళ్ళారు. బహామా దీవులు అప్పట్లో బ్రిటిష్ వలస. కథ కోసం అంత దూరం వెళ్ళారనుకుంటే పొరపాటు. అక్కడ సంస్థను నెలకొల్పితే పన్నుల భారం తగ్గుతుందన్న లెక్క ఒకటి వెనక ఉంది. పైగా సినిమా చివర రావలసిన ఆ దృశ్యాలను అన్నిటికంటే ముందు తీశారు. ఎండకు ముఖాలు నల్లబడితే ముందరి దృశ్యాలతో పొసగదని, అంతటి సముద్రతీరంలోనూ ఆ యువకులను నీడపట్టునే ఉండమన్నారట!

కథ మాత్రం నాకు రుచించలేదు. ఒకడి వేలికున్న ఉంగరం కోసం, తూర్పుదేశపు దేవతకు నరబలి ఇచ్చే ముఠా వెంటపడుతుంది. ఇరుగుపొరుగు వారి ఆరాధ్యాలను పరిహసించరాదని పిల్లలకు బోధించేవాణ్ణి, అలాంటి హాస్యానికి ఎలా నవ్వగలను? చిత్రీకరణ జరిగినంత కాలం గంజాయి మత్తులో ఉన్నామని వాళ్ళే తరువాత ఒప్పుకున్నారు కూడా. అక్కడికి వ్యాసాన్ని మూసి పక్కన పెట్టేవాణ్ణే.

మూడో పుటలో ఆగిపోయాను.

ఆ చిత్రంలో నటించిన విక్టర్ స్పినెట్టి తరువాతి కాలంలో చెప్పిన సంగతి అది. బహామాలో ఒకనాడు, పాడుపడిన సైనిక శిబిరంలా కనిపించిన చోట చిత్రీకరణ జరిగింది. తీరా చూస్తే అక్కడి పాకల్లో మనుషులున్నారు. అవయవ లోపం గల పిల్లలు, ముసలివాళ్ళు. లోకం కంట పడకుండా వాళ్ళనక్కడ ఉంచారు. ఆ రాత్రే ప్రభుత్వ ప్రముఖులతో విందు. ఖరీదైన దుస్తులు, బల్లల నిండా అరుదైన వంటకాలు. బృందంలోని జాన్ లెనన్ అక్కడున్న ఆర్థికమంత్రిని అందరి ముందూ నిలదీశాడట. పగలు చూసిన ఆ పాకలకూ, ఈ భోజనానికీ పొత్తు ఎలా కుదురుతుందని. తాను జీతం తీసుకోకుండా ఈ పదవిలో సేవ చేస్తున్నానన్నాడు మంత్రి. అలాగైతే నేననుకున్నదానికంటే మీరు బాగానే పనిచేస్తున్నారని లెనన్ ఎత్తిపొడిచాడు.

“అబ్బా, ఈ పేరా విషయానికి సంబంధం లేదు కదా, తీసేయమంటారా?” అని అడిగాడు అబ్బాయి.

“ఉంచు” అన్నాను. ఎందుకో చెప్పలేదు.

చాలా ఏళ్ళ కిందటి మా మద్రసా వార్షిక జల్సా గుర్తుకొచ్చింది. పట్టణం నుంచి దాతలు వస్తున్నారు, మొదటిసారి వీడియో తీయిస్తున్నాం. ఏర్పాట్లన్నీ నా చేతిలో ఉన్నాయి. పోలియోతో ఒక కాలు చచ్చుబడిన విద్యార్థి ఒకడుండేవాడు. ఖిరాఅత్‌లో అతడిని మించినవాడు ఆ ఏడాది లేడు. సభ అతడి పారాయణంతో ప్రారంభం కావాలి. వేదిక మెట్లు ఎత్తుగా ఉన్నాయి, ఎక్కలేడు అని చెప్పి ఆ అవకాశం మరొకరికిచ్చాను. మెట్ల సంగతి నిజమే. ఇద్దరు పిల్లలు చెరో వైపు పట్టుకుంటే ఎక్కగలడన్నదీ నిజమే. వీడియోలో అతణ్ణి ఈడ్చుకొస్తున్నట్టు కనిపిస్తుందని నేను వెనకాడాను. ఆ రాత్రి అతడు వంటగదిలో, వంటమనిషి పక్కన కూర్చుని బిర్యానీ తిన్నాడు. నేను దాతల పక్కన కూర్చుని తిన్నాను.

ఆ మరుసటి ఏడాది తఫ్సీర్ తరగతిలో అబస సూరా వచ్చింది. ఖురైష్ నాయకులతో మహాప్రవక్త (స) మాట్లాడుతున్న వేళ, అంధుడైన అబ్దుల్లాహ్ ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చిన సందర్భం. ఏటా చెప్పే పాఠమే. ఆ కుర్రవాడు ఊతకర్రను గోడకు ఆనించి ముందువరుసలో కూర్చున్నాడు. వివరణ కంటే ముందు వాక్యాలను ఎవరైనా పారాయణం చేయాలి. నేను కిందికి చూస్తూ, “నువ్వు చదువు నాయనా” అన్నాను. అతడు చదివాడు. ఒక్క తప్పూ లేకుండా, తొందరపడకుండా చదివాడు. తరువాత పాఠం వివరించవలసినవాణ్ణి, కాసేపు గొంతు పెగలలేదు. పిల్లలు ఎదురుచూశారు.