పిల్లలకోడి చుట్టూ మసక

హైదరాబాదు నుంచి నాందేడ్ వెళ్ళే బస్సు మద్నూరు దాటాక కాసేపటికి దుకాణాల బోర్డులు తెలుగు నుంచి మరాఠీలోకి మారిపోతాయి. అక్కడికి దగ్గరలోనే మా దెగ్లూరు. బోర్డులు మారినంత తొందరగా మాటలు మారవు. ఒకే కిరాణా కొట్టులో మరాఠీ, తెలుగు, ఉర్దూ, కన్నడం అన్నీ వినబడతాయి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఈ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. దెగ్లూరు మాత్రం బొంబాయి రాష్ట్రంలో చేరి, 1960లో మహారాష్ట్ర అయింది.

మా ఇంటికి వచ్చిన చుట్టాలకు నేను తప్పకుండా చూపించేవి రెండున్నాయి. ఒకటి, చాళుక్యుల కాలపు శిల్పాలున్న హొట్టల్ సిద్ధేశ్వరాలయం. రెండోది, ఊరి దీపాలు దాటి పొలాల్లోకి వెళితే కనబడే ఆకాశం. మొన్న సంక్రాంతి సెలవులకు పుణె నుంచి వచ్చిన మా మేనల్లుడికి మొదటిదానికంటే రెండోదే నచ్చింది. కెమెరా, స్టాండు, భూమి తిరుగుడుకు తగ్గట్టు కెమెరాను మెల్లగా తిప్పే చిన్న యంత్రం వెంట తెచ్చుకున్నాడు.

జనవరిలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వేళ కృత్తికలు మాకు దాదాపు నడినెత్తికి వస్తాయి. మన పెద్దలు పిల్లలకోడి అనేది వీటినే. మామూలు కంటికి ఆరు చుక్కలు కనబడతాయి. కెమెరాకు వందలు కనబడతాయి, వాటి చుట్టూ నీలిరంగు మసక కూడా పడుతుంది.

అయితే ఒక్క నిమిషం ఎక్స్‌పోజర్‌తో తీసిన ఫొటోను పెద్దది చేసి చూస్తే ఆకాశమంతా ఇసుక చల్లినట్టు ఉంది. దీన్నే నాయిస్ అంటారట. చప్పుడుకూ దీనికీ సంబంధం లేదు. మసక తారల వెలుగు చినుకుల్లా ఎగుడుదిగుడుగా వచ్చి పడుతుంది. సెన్సరు వేడి కొంత, కెమెరా ఎలక్ట్రానిక్సు కొంత దానికి తోడవుతాయి. మా మరాఠ్వాడా ఎండాకాలంలోనైతే ఆ వేడి పాలు మరీ ఎక్కువ.

మావాడు కంప్యూటరు ముందు కూర్చుని, నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్‌లో మీటను చివరిదాకా జరిపాడు. క్షణంలో ఆకాశం నల్ల పట్టుబట్టలా నున్నగా అయింది. "చూశావా మామయ్యా, ఎంత శుభ్రంగా ఉందో!" అన్నాడు. మా వీధి బడివాళ్ళు విజ్ఞాన ప్రదర్శనలో గోడకు పెట్టడానికి ఒక ఫొటో అడిగి ఉన్నారు. ఇదే ఇద్దామన్నాడు. మా అమ్మ కళ్ళజోడు సవరించుకుని, ముందుదీ ఇదీ పక్కపక్కన పెట్టుకు చూసి, "ఇందులో పిల్లలు తగ్గాయేమిరా?" అంది.

నిజమే. సన్నచుక్కలు కొన్ని ఇసుకతో పాటే కొట్టుకుపోయాయి. నీలి మసక అసలే లేదు. ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి, నాకు వెంటనే లెక్కల పుస్తకం గుర్తొచ్చింది. తేడా వచ్చిన పద్దును తుడిచేస్తే ఆ రోజుకు లెక్క కలుస్తుంది గాని, ఎవరో ఖాతాదారు సొమ్ము పోతుంది. బడి గోడమీద పెట్టేది పిల్లలు నిజమని నమ్ముతారు కదా!

ఏది మచ్చ, ఏది నిజం అనే ఈ తగువు పాతదే. 1885లో పారిస్‌లో హెన్రీ సోదరులు కృత్తికలను ఫొటో తీస్తే, మైయా అనే తార పక్కన అంతవరకూ ఎవరి కంటా పడని మసక ప్లేటు మీద కనబడింది. అది ప్లేటు లోపమని తుడిచేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. తర్వాత రష్యాలోని పుల్కోవో వేధశాల పెద్ద దూరదర్శినితో చూస్తే అది ఆకాశంలో ఉన్నదేనని తేలింది.

ఆ సోదరులు తయారుచేసిన తరహా కెమెరా దూరదర్శినులతోనే 1887లో ప్రపంచంలోని పలు వేధశాలలు కలిసి ఆకాశాన్నంతా ఫొటో తీసే పని తలపెట్టాయి. అందులో మనకూ వాటా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన హైదరాబాదు నిజామియా వేధశాల దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీని తీసుకుంది. దెగ్లూరు అప్పుడు నిజాం రాజ్యంలోదే. 1918 నుంచి 1944 దాకా టి.పి. భాస్కరన్ ఆ వేధశాలకు అధిపతిగా ఉన్నారు. ఆ అంతర్జాతీయ పథకంలో పటాల కోసం ఒక్కో ప్లేటును కొంచెం కొంచెం జరుపుతూ మూడుసార్లు ఎక్స్‌పోజ్ చేసే పద్ధతి ఉండేది. నిజమైన తార మూడు చుక్కల చిన్న త్రికోణంగా పడుతుంది. దుమ్ము మచ్చ ఒంటిగా మిగులుతుంది. మచ్చను తుడవకుండానే పట్టుకునే ఉపాయమన్నమాట.

ఈనాటి ఉపాయమూ ఆ వంశంలోదే. మర్నాడు రాత్రి మావాడు ఒక్కొక్కటి నిమిషం చొప్పున 64 ఫొటోలు తీశాడు. లెన్సుకు మూత పెట్టి అంతే నిడివితో మరికొన్ని తీశాడు. సెన్సరు వేడి వల్ల వచ్చే మచ్చలను వీటిని బట్టి తీసివేయవచ్చు. సిరిల్, డీప్‌స్కైస్టాకర్ వంటి సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగానే దొరుకుతాయి. అవి ఫొటోలన్నిటినీ తారకు తార సరిపెట్టి సగటు తీస్తాయి. తార ప్రతి ఫొటోలోనూ ఒకేచోట ఉంటుంది, ఇసుక మాత్రం చోటు మారుస్తుంది. 16 ఫొటోల సగటులో ఇసుక నాలుగో వంతుకు, 64 అయితే ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఆపైన నాయిస్ తీసే మీటను కొద్దిగా జరిపితే చాలు. కృత్రిమ మేధతో పనిచేసే కొత్త సాధనాలకూ ఇదే వర్తిస్తుంది. అవి ఇలా ఉండి ఉంటుందని ఊహించి పూరిస్తాయి కనుక, మూలంతో పోల్చి చూసుకోవాలి.

బడికి ఈ రెండో ఫొటోనే ఇచ్చాం. నల్ల పట్టుబట్ట కాదు, కాస్త గరుకుగానే ఉంది. అడుగున ఎన్ని ఫొటోలు, ఏ సాఫ్ట్‌వేర్ అన్నది కూడా రాశాం. ప్రదర్శన రోజున ఒక చిన్నపిల్ల నీలి మసకను వేలితో తుడవబోయి, "ఇది దుమ్మా?" అని మరాఠీలో అడిగింది. మావాడు నవ్వి, "అవునమ్మా, దుమ్మే. కాకపోతే 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. పక్కనున్న తారల వెలుగు పడి మెరుస్తోంది" అన్నాడు.

సెలవులకు ఇటు వచ్చే మన సంఘం కుటుంబాలకు ఒక మనవి. అమావాస్య దగ్గరగా రండి, ఒక దుప్పటి తెచ్చుకోండి. పిల్లలకోడిని ముందు కంటితో లెక్కపెట్టండి, తర్వాతే కెమెరా తీయండి.