లబ్ధిదారు

వేసవి సెలవులంటే మా చిన్నప్పుడు మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం అద్దుకు తినడమే. ఇప్పటి పిల్లలకి సెలవుల్లో కూడా నాయకత్వం నేర్పుతున్నారు. డిగ్రీ చదువుతున్న మా చెల్లెలి కూతురు "పబ్లిక్ పాలసీ, లీడర్‌షిప్" అనే వేసవి శిక్షణలో చేరి, మే నెలంతా విశాఖలో మా ఇంట్లోనే మకాం పెట్టింది. పొద్దున్నే ఇస్త్రీ చుడీదారుతో వెళ్ళి, సాయంత్రానికి ఈ ఊరి ఉక్కపోతకి తోటకూర కాడలా వాడిపోయి వచ్చేది. వస్తూ వస్తూ రోజుకో కొత్త మాట మోసుకొచ్చేది.

"స్టేక్‌హోల్డరంటే ఎవరే?" అని ఓనాడు అడిగాను.

"ఈ ఇంట్లో టిఫిను విషయంలో నేను, పెద్దమ్మా" అంది. బాగానే బోధపడింది.

చివరి వారం ఊళ్ళో ఏదో ఒక సమస్య మీద పది పేజీలు రాయాలట. ఉక్కు ఫ్యాక్టరీ నిర్వాసితుల గురించి రాస్తానంది. 1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అంటూ కాలేజీలు వదిలి రోడ్డెక్కిన కుర్రాళ్ళకి లీడర్‌షిప్ సర్టిఫికెట్లు ఎవరూ ఇవ్వలేదు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీని ప్రకటించింది, 1971 జనవరిలో శంకుస్థాపన చేసింది. ఇదంతా మన పిల్లలకి కంఠతా వచ్చు. ఆ ఫ్యాక్టరీ కింద పోయిన ఊళ్ళ పేర్లు చెప్పమంటే మాత్రం, పిల్లల సంగతి అలా ఉంచండి, నేనే నాలుగు చెప్పలేను.

పెదగంట్యాడ వైపు నిర్వాసితుల కాలనీకి నేనూ తోడు వెళ్ళాను. పిల్లకి తోడని పేరే గానీ అసలు సంగతి నా కుతూహలం. ఓ ముసలావిడ ట్రంకుపెట్టె అడుగునుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆర్ కార్డు. భూములు పోయిన కుటుంబానికి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి అర్హత ఉందని చెప్పే కార్డు అది. కార్డులున్న వాళ్ళందరికీ ఉద్యోగాలు రాలేదు. ఆవిడ మొగుడు ఎదురుచూస్తూనే పోయాడు, కొడుక్కి వయసు దాటిపోయింది. కార్డు మాత్రం నలగకుండా ఉంది.

మా పిల్ల ఫారం తీసి, "మీరు ఏ పథకం కింద లబ్ధిదారులు, మామ్మా?" అని అడిగింది.

"నబ్దిదారులేటమ్మా? మేం పుచ్చుకున్నోలం కాదు, ఇచ్చినోలం. జీడితోట, ఇల్లు, గుడి... అన్నీ ఇచ్చేసినాం."

పిల్ల కలం ఆగిపోయింది. ఫారంలో ఇచ్చినవాళ్ళకి గడి లేదు మరి.

2021 జనవరిలో కేంద్రం ఫ్యాక్టరీ వాటాలన్నీ అమ్మాలని నిర్ణయించడం, 2025 జనవరిలో 11,440 కోట్ల సాయం ప్రకటించడం, అన్నీ ఆవిడకి తెలుసు. టీవీ చూస్తుంది. "అమ్మీడానికి ఆ బూవి ఆలదేటి?" అని నన్నడిగింది. నవలలు రాసుకునేదాన్ని, నేనేం చెప్పను?

మా పిల్ల నివేదికలో "లబ్ధిదారులు" కొట్టేసి "భూమి ఇచ్చినవారు" అని రాసింది. అది వాడుకలో ఉన్న పదం కాదని మేష్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టారు. మార్చమన్నారు, మార్చలేదు. మార్కులు తగ్గాయి. బీచిలో ప్లాస్టిక్ చెత్త గురించి రాసిన కుర్రాడికి బహుమతి వచ్చింది.

సర్టిఫికెట్ తీసుకున్న మర్నాడే మళ్ళీ కాలనీకి వెళ్ళాలి, ఆటోకి డబ్బులిమ్మంది. ఆవిడకి రాసింది చదివి వినిపిస్తుందట.

"ఇంగ్లీషులోనా?" అన్నాను.

రెండు రాత్రులు కూర్చుని ఆ పది పేజీలూ తెలుగు చేశాం. "స్టేక్‌హోల్డర్" దగ్గర మాత్రం ఎంతసేపటికీ ఇద్దరికీ మాట దొరకలేదు. చివరికి ఆ వాక్యం మొత్తం కొట్టేసింది.