కాలవలు మూడు, తూములు రెండు

ప్రొద్దుటూరు అనగానే అందరికీ బంగారం గుర్తొస్తుంది. ఆ బంగారానికి లెక్కలు రాసేవాళ్లు మాత్రం ఎవరికీ గుర్తురారు. నేను వెళ్లిన కంప్యూటర్ రిపేరు కొట్లో అలాంటి అకౌంటెంట్ ఒకాయన పదేళ్లు దాటిన లాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చినప్పటి నుంచి ఆయనకు ఒక తెర చాలడం లేదు. ఒక తెర మీద ట్యాలీ, ఒక తెర మీద జీఎస్‌టీ పోర్టల్ ఉండాలి. వీలైతే బిల్లుల స్కాన్లకు ఇంకొకటి. మూసేసిన నెట్ సెంటర్ నుంచి రెండు పాత మానిటర్లు చవగ్గా దొరికాయి. ఆన్‌లైన్లో ఒక హెచ్‌డీఎంఐ స్ప్లిట్టరూ తెప్పించాడు. తగిలించాడు. రెండు మానిటర్లలోనూ ఒకే ట్యాలీ కనిపించింది.

"ఒకే బొమ్మను రెండు చేసి చూపించేదాన్నే స్ప్లిట్టరంటారు అన్నా. నీకు కావాల్సింది రెండు వేర్వేరు బొమ్మలు. అది దీనితో కాదు" అన్నాడు కొట్టు కుర్రాడు.

"మరి రెండు తూట్లుండాయి కదప్పా! ఒకటి వీజీఏ, ఒకటి హెచ్‌డీఎంఐ."

"తూట్లు చూస్తే సరిపోదన్నా. చెరువుకు కాలవలెన్ని తవ్వినా తూములు రెండే అయితే నీళ్లు రెండింటికే పోతాయి. లోపల చిప్పుకు ఎన్ని తూములుండాయో చూడల్ల."

ఆ మాటతోనే లాప్‌టాప్ ప్రాపర్టీస్ తెరిచాడు. ఐ5 తర్వాత ఉన్న నాలుగంకెల్లో మొదటిది 2. అంటే ఇంటెల్ రెండో తరం, 2011లో వచ్చిన రకం. దాని గ్రాఫిక్స్ ఒకేసారి రెండు తెరలకే బొమ్మ పంపగలదు. లాప్‌టాప్ సొంత తెర కూడా ఆ లెక్కలోదే. కాబట్టి బయట రెండు మానిటర్లు వెలగాలంటే సొంత తెర ఆరిపోవాలి. కుర్రాడు ఒక మానిటర్‌ను వీజీఏకి, ఇంకోదాన్ని హెచ్‌డీఎంఐకి తగిలించాడు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో లాప్‌టాప్ తెరను ఆపేసి, మిగతా రెండింటినీ 'ఎక్స్‌టెండ్'లో పెట్టాడు. ట్యాలీ ఎడమకు, పోర్టల్ కుడికి వెళ్లాయి. మూత మూసేస్తే పోదా అని అడిగాను. "మన ఎండలకు వద్దు సార్. వేడి బయటికి పోవల్ల. మూత తెరిచే ఉంచి తెర ఒక్కటే ఆపుకుంటే కీబోర్డు కూడా పనికొస్తాది" అన్నాడు. అకౌంటెంట్‌కు అయిన ఖర్చు ఒక వీజీఏ కేబుల్. 1987లో ఐబీఎం తెచ్చిన ఆ పదిహేను సూదుల కనెక్టరు ఇంకా కూడు పెడుతూనే ఉంది.

మూడో తరంలో, అంటే 2012 నుంచి, తూములు మూడయ్యాయి. కానీ అందులోనూ ఒక మెలిక ఉందని కుర్రాడు చెప్పాడు. ఆ తరంలో వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ వాడితే లాప్‌టాప్ తెర ఆగిపోవచ్చు. మూడూ కలిసి వెలగాలంటే డిస్‌ప్లేపోర్ట్ కావాలి. ఆఫీసుల నుంచి సెకండ్‌హ్యాండ్‌లోకి వచ్చే డెల్ లాటిట్యూడ్, థింక్‌ప్యాడ్‌ల డాకింగ్ స్టేషన్లలో ఆ పోర్ట్ దొరుకుతుంది. అందుకే వాటికి గిరాకీ.

పెన్న ఒడ్డునే ఉన్న జమ్మలమడుగులో కథ వేరుగా ఉంది. గండికోటకు పోయే జనం టీ తాగే వీధికి రెండు సందుల అవతల ఒక ఇల్లు. ఆ ఇంటి అమ్మాయి 2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు నుంచి వచ్చి, కంపెనీ ఒప్పుకోవడంతో ఇక్కడే ఉండిపోయింది. ఆమె పాత లాప్‌టాప్‌కు ఉన్నది ఒక్క హెచ్‌డీఎంఐ. అయినా బల్ల మీద రెండు మానిటర్లు వెలుగుతున్నాయి, లాప్‌టాప్ తెరా వెలుగుతోంది. రెండో మానిటర్‌కు బొమ్మ యూఎస్‌బీ నుంచి వస్తోంది.

డిస్‌ప్లేలింక్ చిప్పున్న అడాప్టరు అది. గ్రాఫిక్స్ తూములతో దానికి పని లేదు. ప్రాసెసరే బొమ్మను కుదించి యూఎస్‌బీలో పంపుతుంది, అడాప్టరు దాన్ని విప్పి మానిటర్‌కు అందిస్తుంది. కుదించడం ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 1920×1080 తెరను సెకనుకు 60 సార్లు నింపాలంటే దాదాపు 3 గిగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 దారి 480 మెగాబిట్లే, 3.0 దారి 5 గిగాబిట్లు. "మొదట పక్కనున్న నల్ల 2.0 పోర్ట్‌లో పెట్టాను సార్, మౌసు నేను కదిపిన కాసేపటికి కదిలేది. నీలం 3.0 పోర్ట్‌కు మార్చినాక సరిపోయింది" అంది. కోడింగుకు, మెయిళ్లకు, ఎక్సెల్‌కు ఇబ్బంది లేదట. వీడియో కాల్ పెట్టినప్పుడు మాత్రం ఫ్యాను హోరెత్తుతుంది, ఎందుకంటే ఆ భారమంతా ప్రాసెసర్ మీదే. ఓటీటీ సినిమా ఆ తెర మీదికి లాగితే నల్లగా అయిపోతుంది, కాపీ రక్షణ ఒప్పుకోదు. డ్రైవర్ వేయకపోతే అసలు వెలగనే వెలగదు.

ముద్దనూరు మీదుగా పులివెందులకు దిగేసరికి నల్లరేగడి పోయి అరటి, చీనీ తోటలు వచ్చాయి. ఇక్కడ 2006లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. పిల్లలు చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని ఉంటారు. అలాంటి ఒక గదిలో నాలుగో తరం లాప్‌టాప్, దానికి ఒక మినీ డిస్‌ప్లేపోర్ట్, ఆ ఒక్క పోర్ట్ నుంచి రెండు మానిటర్లు కనిపించాయి. రెండింటిలోనూ వేర్వేరు బొమ్మలే.

ప్రొద్దుటూరు స్ప్లిట్టరు చేయలేనిది పోర్ట్‌కూ మానిటర్లకూ మధ్యనున్న ఎంఎస్‌టీ హబ్ చేస్తోంది. 2010లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ 1.2లోనే ఒక తీగలో రెండు మూడు బొమ్మలను విడివిడిగా మోసుకుపోయే ఈ ఎంఎస్‌టీ పద్ధతి ఉంది. హెచ్‌డీఎంఐలో అది లేదు. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో నాలుగో తరం నుంచి, అంటే 2013 నుంచి, అందుకు వీలుంది. మెషిన్లో ఉన్నది లినక్స్. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది, విండోస్ 11 సాధారణంగా ఎనిమిదో తరం కంటే కిందివాటిని ఒప్పుకోదు. "పారేసేదానికి మనసు రాలేదు సార్" అన్నాడా అబ్బాయి. టెర్మినల్లో ఎక్స్‌ర్యాండర్ కొట్టి, ఏ తెర ఏ పక్కనుందో కమాండుతోనే సర్ది చూపించాడు.

మూడు ఊళ్లలో మూడు దారులు చూశాను. ఏ ఊరి దారీ ఇంకో ఊరి లాప్‌టాప్‌కు సరైన దారి కాదు. అకౌంటెంట్ ఎంఎస్‌టీ హబ్ కొనుంటే అది స్ప్లిట్టరు పక్కన చేరేది. విద్యార్థి యూఎస్‌బీ అడాప్టరు కొనుంటే అనవసరంగా ప్రాసెసర్‌ను సతాయించేవాడు. అంగడికి పోయేముందు ప్రాసెసర్ తరం ఏది, డిస్‌ప్లేపోర్ట్ ఉందా, యూఎస్‌బీ 3.0 ఉందా అన్న మూడు సంగతులు కాగితం మీద రాసుకుని పోవాలి. ఆ కాగితం చూడకుండానే అడాప్టరు అంటగట్టే కొట్టు కంటే, చూసి "నీకు కేబుల్ చాలన్నా" అనే కొట్టు మేలు.