ఉత్తరాభిముఖ యాత్ర, దక్షిణాభిముఖమైన డిష్

డాలస్ నగరమునందు కాపురముండు మా అల్లుడు, వేసవి సెలవులలో పిల్లలను, మా దంపతులను వెంటబెట్టుకొని రాకీ పర్వతముల పొడవునా ఉత్తరముగా పయనించి, కెనడా సరిహద్దునందలి గ్లేసియర్ జాతీయోద్యానమును చేరవలెనని సంకల్పించి, అందులకై తన పికప్ ట్రక్కు వెనుక తగిలించి లాగికొనిపోదగిన ట్రావెల్ ట్రైలరు నొకదానిని కొనెను. పడకలు, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానపుగది, గోడకు బిగించిన టీవీ మొదలైనవన్నియు నమరిన ఆ గృహమునకు కొఱవడినది ఒక్కటే: ఆ టీవీకి ఉపగ్రహమునుండి బొమ్మ నందించు సాధనము. ఇట్టి వాహనములను ఆ దేశమున ఆర్.వీ.లందురు. ఉద్యోగవిరమణానంతరము ఇల్లమ్మివేసి, సంవత్సరముల తరబడి వీనియందే దేశాటనము చేయు దంపతులును కలరు. వారికి ఫుల్‌టైమర్లని పేరు.

పర్వతములను, సరస్సులను చూడబోవు వానికి టీవీ యేల యని యడుగువా రుందురు. పగలెల్ల నడచి, అలసి, చీకటిపడకమున్నే భోజనము ముగించి, నాగరికతకు నలువది మైళ్ళ దూరమున సెల్‌ఫోనుకు సిగ్నలైనను లేని యడవిలో కూర్చుండిన కుటుంబమునకు, లోకవార్త లొక గడియసేపు వినబడుట యెంత యూరటయో అనుభవించినవారికే తెలియును. అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు: సుడిగాలులును, వడగండ్లును ఆకస్మికముగా విరుచుకొనిపడు ఆ మైదానములలో, రేపటి వాతావరణమును ముందుగా నెఱుగుట ప్రాణరక్షణకు సంబంధించిన విషయము.

ఉపగ్రహముల ద్వారా ఆ దేశమున టీవీ నందించు సంస్థలు ప్రధానముగా రెండు: డిష్ నెట్‌వర్క్, డైరెక్‌టీవీ. ఉభయుల ఉపగ్రహములును భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూభ్రమణముతో సమవేగమున తిరుగుచు, మన దృష్టికి ఆకాశమున నొక్కచోటనే నిలిచియుండును. డిష్ నెట్‌వర్క్ వారి పశ్చిమ శ్రేణి 110, 119, 129 డిగ్రీల పశ్చిమ రేఖాంశములపైనను, తూర్పు శ్రేణి 61.5, 72.7, 77 డిగ్రీలపైనను, డైరెక్‌టీవీ వారివి ముఖ్యముగా 99, 101, 103 డిగ్రీలపైనను కలవు. కావున అమెరికాలో వాహన మెక్కడ నిలిచినను డిష్ దక్షిణమువైపే చూడవలెను. ఆ చూపునకు చెట్టుకొమ్మ అడ్డువచ్చినను బొమ్మ చెదరును.

డాలస్‌లోని ఆర్.వీ. సామగ్రి దుకాణమున మూడు తెఱగుల సాధనములను చూచితిమి. మొదటిది, వినెగార్డ్, కింగ్ కంపెనీలవారు చేయు గుమ్మటపు ఆంటెన్నా: బోర్లించిన గిన్నెవంటి మూతలోపల చిన్న డిష్, మోటారు దాగియుండి, మీట నొక్కినంతనే తనంతట తాను ఉపగ్రహమును వెదకికొనును. అయితే డైరెక్‌టీవీవారి హెచ్.డీ. ప్రసారములు కేఏ బ్యాండునందు వచ్చుటచేత ఈ చిన్న గుమ్మటములకు అందవు. డిష్ నెట్‌వర్క్ వారివి కేయూ బ్యాండువి గనుక అందును, కాని సాధారణముగా నొక్కొక్కసారి ఒక్కొక్క ఉపగ్రహమునే చూడగలవు కనుక, రెండు రిసీవర్లుండి ఇరువురు వేర్వేరు ఛానళ్ళు కోరినచో చిక్కు కలుగవచ్చును. రెండవది, పైకప్పునకు బిగించి, ప్రయాణమున పండుకొని, విడిదిలో మీట నొక్కగా లేచి నిలుచు పెద్ద డిష్. ఇది మూడు ఉపగ్రహములను ఏకకాలమున చూచును, వెల వేయి డాలర్లకు మించును. మూడవది, మూడుకాళ్ళ స్టాండుపై నిలుపు సామాన్యమైన డిష్. దీనికి మోటారు లేదు, మీట లేదు, మనుష్యుని చేయియే సర్వము.

అల్లుని మనస్సు పైకప్పు డిష్‌వైపు మొగ్గుచుండెను. అంతలో అచ్చటికేదో కేబులు కొనుటకై వచ్చిన వృద్ధుడొకడు, చాలకాలముగ ఫుల్‌టైమరుగా తిరుగుచున్నవాడట, మా చర్చను విని, "బాబూ, రాత్రిపూట మీరు ఆగేది చెట్లకిందా, బయలులోనా? ముందు అది తేల్చుకోండి. ఆ తరువాత డిష్ సంగతి ఆలోచించవచ్చు" అనెను. నా కా మాట శాస్త్రవాక్యమువలె తోచినది. పైకప్పుమీది డిష్ ట్రైలరు ఎచ్చట నుండునో అచ్చటనే యుండును. మనుష్యునకు వేసవిలో నీడ కావలెను, డిష్‌కు ఎల్లవేళల బయలు కావలెను. ఈ రెండు కోరికలును ఒక్కచోట తీరుట యరుదు. "స్టాండు డిష్ కొందాం మామయ్యగారూ, నేనే బిగిస్తాను" అని అల్లుడనగా, పొడవైన ఆర్.జీ.-6 కేబులుతో సహా దానినే కొంటిమి. చందా నెలనెలకు కట్టి, అక్కఱలేని నెలలలో మానుకొను వెసులుబాటు గల పద్ధతి నెంచుకొంటిమి.

టెక్సస్ వాయవ్యభాగమున అమరిల్లో వెలుపల, కనుచూపుమేర ఒక్క చెట్టైనను లేని సమతలమున మా తొలి విడిది యయ్యెను. పగలు పాలో డ్యూరో లోయయొక్క ఎఱ్ఱని రాతిగోడలను చూచి వచ్చి, సాయంకాలము టీవీ ముందు కూర్చుండియుండగా, పడమట నల్లని మేఘము గోడవలె లేచెను. వాన మొదలగుటకు ముందే బొమ్మ ముక్కలుముక్కలై, పిదప పూర్తిగా నిలిచిపోయెను. సుమారు పండ్రెండు గిగాహెర్ట్జుల పౌనఃపున్యముగల ఆ తరంగములను దట్టమైన వర్షబిందువులు పీల్చి చెదరగొట్టును. ఏ వేళ వాతావరణవార్త యత్యవసరమో ఆ వేళనే ఉపగ్రహము మూగవోవుట ఈ విద్యలోని సహజలోపము. ఇదియునుగాక, స్థానిక ఛానళ్ళను ఉపగ్రహము ఇఱుకైన కిరణములతో ఆయా ప్రాంతములకే పంపును గనుక, డాలస్ ఛానళ్ళు దూరప్రాంతములకు రావు. చిరునామా మార్పించుకొన్నచో క్రొత్త యూరి ఛానళ్ళు వచ్చును. అప్పుడు ట్రైలరుతోపాటు వచ్చిన పైకప్పు ఆంటెన్నాను అల్లుడు లేపి త్రిప్పగా, అమరిల్లో స్థానిక కేంద్రము ప్రత్యక్షమై, తుఫాను ఏ పల్లెను ఎన్ని గంటలకు దాటునో పటముతో చెప్పసాగెను. ఖర్చులేని ఆ పాత ఆంటెన్నాను, 162 మెగాహెర్ట్జుల ప్రాంతమున పలుకు వాతావరణ రేడియోను విడిచి, ఉపగ్రహమునే నమ్ముకొని ఆ మైదానములలో తిరుగరాదని నా దృఢవిశ్వాసము.

అచ్చటినుండి న్యూమెక్సికో మీదుగా కొలరాడో ప్రవేశించి, గ్రేట్ శాండ్ డ్యూన్స్ జాతీయోద్యానమును చేరితిమి. మంచుశిఖరముల పాదముల చెంత ఏడువందల యడుగులకు మించిన ఇసుకతిన్నెలు, ఉత్తరామెరికాలోకెల్ల నున్నతమైనవి, సంధ్యాకాంతిలో రాగిరంగున మెఱయుచుండెను. ఆ క్యాంపుగ్రౌండున కరెంటు కనెక్షన్లు లేవు. టీవీయు రిసీవరును బ్యాటరీతోనే నడువవలెను. డిష్ నిలుపు విధానమును నే నచ్చట దగ్గఱనుండి చూచితిని. మొదట స్టాండు కంబము నిట్టనిలువుగ నుండునట్లు నీటిబుడగ మట్టముతో సరిచూచి, కాళ్ళను మేకులతో నేలకు దిగగొట్టి, గాలికి పడకుండుటకై నీళ్ళు నింపిన డబ్బా నొకదానిని నడుమ వ్రేలాడదీసెను. పిదప రిసీవరునందు ఆ యూరి పిన్‌కోడ్ వ్రాయగా అది చూపిన మూడు సంఖ్యలలో ఎత్తును, ప్రక్కవాలును ముందుగా డిష్ వెనుకనున్న గీతలపై నమర్చి మరలు బిగించి, మూడవదైన దిక్కును మాత్రము వదలుగానుంచి, దిక్సూచి చూచుచు డిష్‌ను అంగుళమునకంటె తక్కువ తక్కువగా త్రిప్పి, ప్రతి కదలికకు నడుమ ఒక క్షణమాగుచుండెను. ఆ ఆగుటలోనే నేర్పంతయు నున్నది. రిసీవరు సిగ్నలును గుర్తించుటకు కొంత వ్యవధి కావలెను. మనుమడు ట్రైలరు తలుపునొద్ద నిలిచి, "తాతయ్యా, పెరుగుతోంది! నాన్నకి చెప్పు, ఆపమని!" యని కేకవేయుచుండెను. ఇంకొక ముఖ్యవిషయము: ట్రైలరు ప్రక్కగోడకు ఉపగ్రహమునకని ప్రత్యేకముగానున్న రంధ్రమునకే కేబులు తగిలింపవలెను, ఆంటెన్నా బూస్టరు గుండా పోవు దారిలో ఉపగ్రహ సంకేతము నడువదు.

ఆ రాత్రి నక్షత్రముల క్రింద నాకొక పూర్వకథ స్మృతికి వచ్చెను. 1974వ సంవత్సరమున నాసావా రెగురవేసిన ఏ.టీ.ఎస్.-6 అను ఉపగ్రహము, మొదటి యేడు ఈ రాకీ పర్వతరాష్ట్రముల మారుమూల పాఠశాలలకును పాఠములను ప్రసారము చేసినది. పిమ్మట దానిని తూర్పునకు జరిపి, 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు మన దేశమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టీవీ కార్యక్రమముల నందించిరి. ఆ యారింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ళగూటికి వాడు తీగవలతో చేసిన పదియడుగుల డిష్‌లు గ్రామముల పాఠశాలలపై నిలిచి, సేద్యమును, ఆరోగ్యమును గూర్చి తెలుగున చెప్పిన మాటలను రైతులకు వినిపించినవి. కొలరాడో కొండపిల్లవానికిని, తెలుగు రైతునకును ఒక్క యాకాశదీపమే వరుసగా వెలుగిచ్చినదను సత్యము, ఆ యిసుకతిన్నెల నడుమ కూర్చుండిన నాకు మహానందమును కలిగించినది. దూరముననున్న దరిద్రునికి జ్ఞాన మందింపవలెనను సంకల్పముతో పెరిగిన విద్య యిది. దానిని కేవలము విలాసవస్తువుగ నెంచుట నాకు సమ్మతము కాదు.

వయోమింగు రాష్ట్రమున గ్రాండ్ టీటన్ శిఖరములను దర్శించి, యెల్లోస్టోన్ ఉద్యానమున ఫిషింగ్ బ్రిడ్జి యొద్ద విడిసితిమి. ఎలుగుబంట్ల సంచారము చేత అచ్చట గుడ్డ డేరాలకు అనుమతి లేదు, గట్టి గోడలుగల వాహనములకే ప్రవేశము. లాడ్జ్‌పోల్ పైన్ వృక్షములు చుట్టును నిలువుటీటెలవలె నిలిచియుండెను. ఆ స్థలముయొక్క రేఖాంశము దాదాపు 110 డిగ్రీలే యగుటచే, అదే రేఖాంశముపై నున్న ఉపగ్రహము మాకు సరిగా దక్షిణమున నుండెను. ప్రక్కనున్న పెద్ద మోటారు బస్సువారి పైకప్పు డిష్ లేచి, నలుదిక్కుల త్రిప్పికొని, చెట్ల నడుమ దారి గానక మరల పండుకొనెను. మా అల్లుడు స్టాండును చేతబట్టుకొని చెట్ల సందులను వెదకుచు, మా స్థలపు అంచున నొక బాట ప్రక్క నిలుపగా, కేబులు పొడవు సరిపోయి, బొమ్మ స్పష్టముగ వచ్చెను.

ఉత్తరమునకు పోవుకొలది ఉపగ్రహము దిగంతమువైపు క్రుంగుట యీ యాత్రలో నేను ప్రత్యక్షముగ గ్రహించిన ధర్మము. 110 డిగ్రీల ఉపగ్రహము అమరిల్లో వద్ద సుమారు 48 డిగ్రీల యెత్తున, యెల్లోస్టోన్‌లో 39 డిగ్రీల యెత్తున, గ్లేసియర్‌లో 34 డిగ్రీల యెత్తున కనబడును. దీని ఫలితమును లెక్కవేసి చూడుడు: అఱువది యడుగుల పైన్ చెట్టొకటి దక్షిణమున నున్నచో, టెక్సస్‌లో దానికి 54 అడుగుల దూరమున డిష్ నిలిపిన చాలును, గ్లేసియర్‌లో 89 అడుగుల దూరము కావలెను. తూర్పు శ్రేణి ఉపగ్రహము లచ్చట మఱియు క్రిందికుండును గనుక, పడమటి రాష్ట్రములకు పోవువారికి పశ్చిమ శ్రేణి డిష్ యే తగును. గ్లేసియర్ నడిమి దారియైన గోయింగ్ టు ది సన్ రోడ్డు మీదుగ 21 అడుగులకు మించిన వాహనములను కొండదాటనీయరు. అందుచే మేము 5,213 అడుగుల మరయాస్ కనుమగుండ చుట్టు తిరిగి, పడమట దేవదారుల చీకటిని విడిచి, తూర్పున సెయింట్ మేరీ సరస్సుచెంత పలుచని ఆస్పెన్ తోపులలో నిలిచితిమి.

అచ్చట నొక యువదంపతుల వాహనముచెంత స్టార్‌లింక్ పలక నిలిచియుండెను. 2022లో ఆర్.వీ.లకని ప్రత్యేకముగా ఆరంభమైన ఆ ఇంటర్నెట్ సేవ, సుమారు 550 కిలోమీటర్ల యెత్తున పరుగెత్తు అసంఖ్యాక ఉపగ్రహములతో పనిచేయును. ఆ యక్షాంశములలో దానికి దక్షిణముకంటె ఉత్తరాకాశము తెఱపిగా నుండుట ముఖ్యము. తెలుగు సినిమాలు, పిల్లల చదువులు, ఉద్యోగపు పనులు నెట్టింటిపై నాధారపడిన కుటుంబమునకు అదియే ఉత్తమమని నేను నిస్సంకోచముగ నొప్పుకొందును. కాని దాని విద్యుత్తు ఖర్చు ఎక్కువ, బ్యాటరీపైనే బ్రతుకు క్యాంపులలో ఆ వ్యయమును ముందుగ లెక్కించుకొనవలెను. వార్తలు, ఆటలు, వాతావరణము మాత్రమే కోరు మావంటివారికి డిష్ చాలును.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు, తల్లిదండ్రులను ఇట్టి యాత్రలకు తీసికొనిపోవుట నేడు పరిపాటి యగుచున్నది. వారికి నా విన్నపమిది. దుకాణమునకు పోకమున్నే పటము ముందుంచుకొని, రాత్రులెచ్చట గడుపుదురో గుర్తింపుడు. ఎడారులలోను, మైదానములలోను తిరుగువారు, ముదిమిచే వంగలేనివారు మీట నొక్కిన లేచు పైకప్పు డిష్ కొనుడు. ఒక్క రాత్రి నిలిచి మఱునాడే కదలువారికి గుమ్మటము సుఖము. పర్వతారణ్యములకు, అందును ఉత్తరమునకు పోవువారు స్టాండు డిష్‌ను, పొడవైన కేబులును కొని, గృహమున రెండుమూడు మార్లు నిలిపి యలవాటు చేసికొనుడు. ఎవరేది కొన్నను స్థానిక ఆంటెన్నాను మాత్రము విడువకుడు. యంత్రమెంత తెలివైనదైనను చెట్టును తొలగింపలేదు. చెట్టు నెఱిగి చోటు మార్చుకొనగల సాధనమే యాత్రికునకు నిజమైన తోడు.