కాన్‌స్ట్ ఎవరికి చెందుతుంది?

మా ఆఫీసు పుదుచ్చేరిలోని నెల్లితోపులో ఒక మేడ మీద. మోటార్ కంట్రోలర్లకు సీలో ఫర్మ్‌వేర్ రాస్తాం. నాది యానాం, మిగతావాళ్లవి ఈ చుట్టుపక్కల ఊళ్లే. మాటలు సగం తమిళం, సగం తెలుగు. వాదన మాత్రం కంపైలర్ వార్నింగుల మీదే.

కొత్తగా చేరినవాళ్లు తప్పకుండా పట్టుకొచ్చే వార్నింగ్ ఒకటుంది. ఉష్ణోగ్రత సవరణ పట్టిక: నాలుగు వరుసలు, వరుసకు మూడు ఇంట్‌లు. పవర్ ఆన్ కాగానే ఈఈప్రామ్ నుంచి నింపుతాం కాబట్టి అది కాన్‌స్ట్ కాదు. దాన్ని చదివే ఫంక్షన్ మాత్రం ఏమీ మార్చకూడదని పారామీటర్‌కు కాన్‌స్ట్ పెడతారు. పాయింటర్ టైపు కుదరలేదని కంపైలర్ మొరాయిస్తుంది.

“సార్, ఒకే వరుస పంపితే ఊరుకుంది కదా, రెండు డైమెన్షన్లకే ఎందుకీ గొడవ?”

ఒకే వరుస అయితే అది ఇంట్ పాయింటర్‌గా మారుతుంది. అది చూపే ఇంట్‌కు కాన్‌స్ట్ చేర్చడానికి అభ్యంతరం లేదు. రెండు డైమెన్షన్లయితే వచ్చేది మూడు ఇంట్‌ల అర్రేకు పాయింటర్. పాత ప్రమాణం ప్రకారం అర్రేకు కాన్‌స్ట్ అంటదు, నేరుగా ఎలిమెంట్లకు పోతుంది. కాబట్టి మూడు కాన్‌స్ట్ ఇంట్‌ల అర్రే వేరే టైపే అయిపోయింది. వాలటైల్‌దీ ఇదే కథ. చాలామంది క్యాస్ట్ వేసి నోరు మూయిస్తారు. నాకది నచ్చదు, రేపు రాబోయే అసలు తప్పును కూడా అదే క్యాస్ట్ మింగేస్తుంది.

ఇంతకంటే ప్రమాదం మరొకటుంది. ఫ్లాష్‌లో పెట్టిన కాన్‌స్ట్ పట్టికను, రెండు డైమెన్షన్లదాన్ని, పొరపాటున మెమ్‌సెట్‌కు ఇచ్చారనుకోండి. అర్రే తాను కాన్‌స్ట్ కాదు గనక వాయిడ్ పాయింటర్‌గా మారడం ఆ ప్రమాణం దృష్టిలో సక్రమమే! అక్కర్లేని చోట అరిచి, అరవాల్సిన చోట ఊరుకోవడమన్నమాట.

2015లో వచ్చిన జీసీసీ 5 మొదటి గొడవను సడలించింది. 2024లో అచ్చయిన సీ23 రెంటినీ సరిచేసింది: అర్రేకూ ఎలిమెంట్లకూ ఒకే క్వాలిఫయర్. బ్రాకెట్ లోపల రాసే కాన్‌స్ట్ సంగతి వేరు, సీ99 నుంచీ అది పారామీటర్ పాయింటర్‌దే.

ఒక కస్టమర్ బోర్డు కంపైలర్ ఇంకా సీ99 దగ్గరే ఉంది. దానికి పట్టికను పన్నెండు ఇంట్‌ల ఒకే వరుసగా ప్రకటించి, వరుస సంఖ్యను మూడుతో హెచ్చించి చోటు మేమే లెక్కగట్టుకుంటాం.