నాకు వచ్చిన ఫోటో

తుంగభద్రలో స్నానం చేసి మంత్రాలయం రేవు మెట్లెక్కే స్త్రీల వైపు చూడకుండా తల తిప్పుకోవడం మర్యాదని మా పెద్దలు నేర్పారు. చేతికి సెల్‌ఫోన్ వచ్చాక ఆ మర్యాద ఏమయిందో నేను చెప్పవలసి ఉంది. ఎందుకంటే తప్పులో నాకూ భాగముంది.

డిగ్రీ చదివే మా విద్యార్థిని ఒకామె నమ్మిన యువకుడికి తన ఫోటో పంపింది. స్నేహం చెడగానే అతడు దాన్ని పదిమందికి పంపాడు. ఆ పదిమంది ఊరంతటికీ పంచారు. అది నా ఫోనుకూ వచ్చింది. పంపినవాడు తోటి ఉపాధ్యాయుడే. నేను దాన్ని చెరిపేసి, పెద్దమనిషిననుకుని ఊరుకున్నాను.

ఆమె తల్లిదండ్రులు అప్పుడు గుంటూరు వైపు మిరపకోతకు సుగ్గికి పోయి ఉన్నారు. ఒంటరిగా నా దగ్గరికొచ్చిన పిల్లను నేనడిగిన మొదటి ప్రశ్న: "అసలెందుకు పంపినావమ్మా?"

"నేను వానికొక్కనికే పంపినా సార్. ఊరికి పంపింది నేను కాదు కదా!"

స్త్రీ స్వేచ్ఛపై ఎన్నో ఉపన్యాసాలిచ్చిన నాకు ఆ జవాబు చెంపపెట్టయింది. చట్టం చెప్పేదీ అదే. 2013లో శిక్షాస్మృతిలో చేరిన ఆ నియమం, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ అయింది. చిత్రం తీయడానికి స్త్రీ సమ్మతించినా, ఇతరులకు పంచడానికి సమ్మతించకపోతే పంచడం నేరమే. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ల జైలు.

మరి తలుపు వేసుకుని కూర్చున్నది ఆమె ఎందుకయింది? స్త్రీ శరీరాన్ని కుటుంబపు ఆస్తిగా లెక్కగట్టే భూస్వామ్య నీతి మనలో చావలేదు గనుక. దొంగను వదిలి, సొమ్ము పోయినవాళ్లను నిందించే నీతి అది. ఆ ఫోటోకు పదును పెట్టింది మన పరువే.

తర్వాత తెలిసింది, నేను చెరిపింది సాక్ష్యాన్నని. పంపిన నెంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఆమెకు ఇవ్వవలసింది. ఫిర్యాదు ఏ పోలీసు స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానూ ఇవ్వవచ్చు.

గుంటూరు నుంచి వచ్చిన తండ్రి, "ఇంక సదువు సాలు సార్" అన్నాడు.

"తప్పు చేసినోడు కాలేజీకి పోతాండాడు. మీ పాప యాల మానాల?" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆమె పరీక్షలు రాసింది. నేను మాత్రం ఆ సహోద్యోగిని నిలదీయడానికి ఇంకో వారం పట్టింది.