అబ్బా కంటికి పడ్డ పర్దా

26వ రోజా నాడు అబ్బా మెల్లగా చెప్పాడు, కుడి కంట్లో పక్కనుంచి నల్లటి పర్దా దిగుతోందని. "ఈద్ అయినాక చూద్దాం బేటా, ఇంట్లో అందరూ పరేషాన్ అవుతారు" అన్నాడు. నేనూ సరే అన్నాను. ఆ సరే ఇంకా నా గుండెలో ముల్లే.

రెటీనా ఊడిందట. వెలుగును పట్టే కణాలకు ఆక్సిజన్, తిండి వెనకున్న పొర నుంచే అందాలి. ఊడితే వాటికి ఫాకా. మన రోజాకు ఇఫ్తార్ ఉంది, వాటికి ఆపరేషనే ఇఫ్తార్. మేము పోయేసరికి నడిమధ్య మాక్యులా కూడా ఊడింది.

కంట్లో గ్యాస్ నింపి, రోజుల తరబడి ముఖం కిందికి పెట్టుకొని ఉండమన్నారు. "ఇంత లంబా సజ్దా జిందగీలో చేయలేదురా" అని అబ్బా నవ్వాడు. అమ్మీ ఏడ్చింది.

"ఆ కణాలు చావకుండా దవా ఏదీ లేదా డాక్టర్ సాబ్?"

ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మీద పరిశోధన నడుస్తోందన్నారు. యా అల్లా, అది ఫూఫీ లివర్‌కు వేసుకునే గోళీయే! ఎలుగుబంటి పిత్తంలో ఉండేదట, ఇప్పుడు ఫ్యాక్టరీలో చేస్తారు. ఎలుకల్లో ఊడిన రెటీనా కణాల చావును తగ్గించింది. మనుషులకు ఈ పని కోసం ఇంకా మంజూరు కాలేదు. "ఇంట్లో ఉన్నాయని వేసేయకండి" అన్నారు. నా దిల్‌లో మాట ఎట్లా తెలిసిందో!

ఇప్పుడు ఆ కంటికి తలుపు చౌకట్టు వంకరగా కనిపిస్తుంది. ఖురాన్ ఎడమ కంటితోనే చదువుతాడు.

నిన్న ఫజ్ర్ అయ్యాక, ఎడమ కంట్లో మెరుపులు మెరుస్తున్నాయన్నాడు. నాష్తా కూడా చేయనివ్వలేదు. ఆటో పిలిచాను.